అమ్మాయి లెక్క

మా ఇంట్లో వేసవికాలం ఫాను చెడిపోవటంతో ప్రారంభమవుతుంది. 2022లోనూ అంతే అయింది. మే నెల, మధ్యాహ్నం మూడు గంటల వేళ. అమలాపురంలో ఆ సమయానికి గాలి కూడా ఎవరి అరుగు మీదో పడుకుని కునుకు తీస్తూ ఉంటుంది. హాల్లో ఫాను తిరగలేక తిరగలేక తిరుగుతోంది; రెక్కలు లెక్కపెట్టవచ్చు. ఎలక్ట్రీషియన్ కుర్రాడు స్టూలెక్కి, పైనున్న కప్పు కిందికి జార్చి, చిన్న డబ్బా ఒకటి ఊడబీకి, కొత్తది తగిలించి దిగాడు.

"ఆయ్, కండెన్సరు పోయిందండి మేష్టారూ. ఇంకేం లేదండి" అన్నాడు. ఫాను రివ్వున తిరిగింది.

సెలవులకి వచ్చిన మా అమ్మాయి కంప్యూటరు ఒళ్ళో పెట్టుకుని ఏదో చేసుకుంటోంది. మా ఆవిడ ఆ పాత కండెన్సరు చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమే, నాలుగేళ్ళ నుంచీ బెంగుళూరులో కూచుని నువ్వు చదువుతున్నది దీన్ని గురించే కదుటే? ఈ అబ్బాయి అయిదు నిమిషాల్లో తేల్చేశాడు!" అంది.

కుర్రాడు మా అమ్మాయి వంక జాలిగా చూశాడు.

నిజానికి మా ఆవిడది వెటకారం కాదు, అవసరం. అప్పట్లో సంబంధాలు చూస్తున్నాం. వచ్చిన ప్రతివారూ "అమ్మాయి ఏం చేస్తోందండీ?" అని అడిగేవారు. "సూపర్ కెపాసిటర్ల మీద కంప్యూటరుతో పరిశోధన" అని నేను చెప్పేవాణ్ణి. "అంటే సాఫ్ట్‌వేరే కదండీ" అని వాళ్ళు ఊరట పడేవారు. కాదండీ అనబోతే మా ఆవిడ కాలు తొక్కేది. నేను ముప్ఫై మూడేళ్ళు డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైనవాణ్ణి. ఆ పిల్ల చదువేమిటో నాకే సరిగా తెలియదంటే పైవాళ్ళని అనుకుని ఏం లాభం? ఆ మధ్యాహ్నం, కొత్త కండెన్సరు పుణ్యమా అని, కాస్త గాలి తగులుతూ ఉండగా నాకు పాఠం మొదలైంది.

"నాన్నగారూ, ఈ ఫానుది ఎంత?" అంది. డబ్బా మీద రాసే ఉంది: 2.5 మైక్రోఫారడ్.

"మా ప్రయోగశాలలో ఒక సెల్లు ఉంది. అది 3000 ఫారడ్లు."

నేను నవ్వాను. నవ్వనూ మరి? ఏటా నేను పిల్లలకి చెప్పే మాట ఒకటుంది. ఒక్క ఫారడ్ కెపాసిటీ గల లోహగోళం చెయ్యాలంటే దాని వ్యాసార్థం 90 లక్షల కిలోమీటర్లు ఉండాలి. సూర్యుడి వ్యాసార్థమే దానిలో పదమూడో వంతు. ఫారడ్ అన్నది పుస్తకంలో ఉండే కొలతే గాని బజార్లో దొరికే సరుకు కాదురా అని చెప్పేవాణ్ణి. ఇప్పుడు నా కూతురు 3000 ఫారడ్లు పాలడబ్బా అంత సెల్లులో, అరకిలో బరువులో ఉన్నాయంటోంది. పెన్సిలు తీశాను. ఫాను కండెన్సరుకి అది 120 కోట్ల రెట్లు.

అయితే శక్తి ఎంత పడుతుంది? ఆ సెల్లు 2.7 వోల్టులకి మించి తట్టుకోదు. లెక్క కడితే 10,935 జౌళ్ళు, అంటే సుమారు 3 వాట్-గంటలు. 3 వాట్ల చిన్న బల్బు ఒక గంట వెలుగుతుందన్నమాట. మా ఇంటి ఇన్వర్టరు బ్యాటరీ 12 వోల్టులది, 150 ఆంపియర్-గంటలది. అందులో 1800 వాట్-గంటలు. దానికి సరితూగాలంటే ఇలాంటి సెల్లులు 600 కావాలి. బరువు 300 కిలోలు.

"ఎక్కడ పెట్టుకోవాలిట, పడకగదిలోనా?" అంది మా ఆవిడ లోపలినుంచి.

ఇదీ న్యాయమైన ప్రశ్నే. మా అమ్మాయి దానికి వంటింటి భాషలోనే జవాబు చెప్పింది. బ్యాటరీ పెళ్ళిభోజనం లాంటిదిట. కూర్చుని తినటానికి గంట, అరగటానికి పూట. శక్తి ఎక్కువే గాని లోపల రసాయన మార్పు జరగాలి, అది ఒక్కసారిగా జరగదు, జరిగిన ప్రతిసారీ కాస్త కాస్త అరుగుతుంది. ఇదేమో మజ్జిగ గ్లాసు. గటగటా తాగటమే. క్షణాల్లో నిండుతుంది, క్షణాల్లో ఇచ్చేస్తుంది, లోపల వస్తువేమీ మారదు గనక పది లక్షలసార్లు నింపినా చెక్కుచెదరదు. షాంగై నగరంలో 2006 నుంచి కొన్ని బస్సులు వీటితో నడిపారు; స్టాపులో జనం ఎక్కి దిగేలోపల పై తీగనుంచి కాస్త నింపుకుని తరవాతి స్టాపుకి పోవటం. ఎయిర్‌బస్ ఎ380 విమానంలో ప్రమాదవేళ తలుపులు తెరిచేందుకు ఇవే పెట్టారు. ఎప్పుడో ఒకనాడు ఒక్క క్షణం పనిచెయ్యాలి. ఆ క్షణంలో మాత్రం మొరాయించకూడదు.

ఇంత కెపాసిటీ ఎక్కడినుంచి వచ్చింది? ఇక్కడే మా కోనసీమవాళ్ళం కాస్త ఛాతీ విరుచుకోవలసిన సంగతి ఉంది. కెపాసిటరు అంటే ఎదురెదురుగా రెండు పలకలు. పలకల వైశాల్యం పెరిగినా, మధ్య దూరం తగ్గినా కెపాసిటీ పెరుగుతుంది. పలకకి బదులు వీళ్ళు వాడేది బొగ్గు. మామూలు బొగ్గు కాదు. ఆవిరితోనో మందులతోనో కాల్చి, కంటికి కనపడని చిల్లులు పొడిచిన బొగ్గు. దానికి మేలైన ముడిసరుకుల్లో కొబ్బరి చిప్ప ఒకటి! మేము పొయ్యిలో పెట్టి నీళ్ళు కాచుకునే చిప్ప! అలాటి బొగ్గు ఒక గ్రాములో చిల్లుల గోడలన్నీ విప్పి పరిస్తే వెయ్యి నుంచి రెండు వేల చదరపు మీటర్లు వస్తుందిట. మా కొలతల్లో చెప్పాలంటే పాతిక సెంట్ల నుంచి అర ఎకరం. గ్రాము బొగ్గులో అర ఎకరం! మా అన్నదమ్ములం ముగ్గురం అర ఎకరం తోట పంచుకోవటానికి పదకొండేళ్ళు మాట్లాడుకోలేదు.

ఇక మధ్య దూరం. ఆ బొగ్గుని అయానులున్న ద్రవంలో ముంచి కరెంటు పెడితే, ఒక పక్క బొగ్గు గోడకి ఋణావేశం, దానికి ఆనుకుని ద్రవంలోని ధన అయానులు. రెండో పక్క దీనికి తలకిందులు. ఆవేశాల మధ్య ఎడం అణువంత. దీన్ని 'జంటపొర' అంటారు. జర్మనీలో హెల్మ్‌హోల్ట్స్ 1853లోనే ఈ ఊహ చేశాడు. గోడ మీద ఒక వరస, ఎదురుగా ఒక వరస, పంక్తిభోజనంలాగ. చూడటానికి ముచ్చటైన బొమ్మ. కాని అయానులు పంక్తిలో కూర్చునే రకం కాదు. వేడికి అటూ ఇటూ పరుగెడుతూనే ఉంటాయి. అందుకని ఫ్రాన్సులో గూయీ 1910లో, ఇంగ్లండులో చాప్‌మన్ 1913లో, వాటిని గోడ దగ్గర చిక్కగా, పోనుపోను పలచగా మబ్బులా పరిచారు. బాగానే ఉంది గాని అయానుకి పరిమాణం లేదనుకున్నారు. పరిమాణం లేనివాళ్ళు ఎంతమందైనా ఒక గదిలో పడతారు కదా. వోల్టేజి పెంచితే కెపాసిటీ అర్థం లేకుండా ఆకాశానికి పోయింది. 1924లో ఆటో ష్టెర్న్ వచ్చి, అయ్యా, అయానుకీ ఒళ్ళుంది, గోడకి అంతకంటే దగ్గరగా రాలేదు అని సర్దాడు. ఇవి కంప్యూటర్లు లేని రోజుల నమూనాలు. మా అమ్మాయి చెబుతూ ఉంటే నాకు తోచిందేమంటే, ఒక్కొక్క నమూనా వెనకటిది ఏం మరిచిపోయిందో చూపెడుతూ వచ్చింది.

వింత ఏమిటంటే, సరుకు ముందు తయారైంది, అర్థం తరవాత వచ్చింది. 1957లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌కి చెందిన బెకర్ చిల్లుల బొగ్గుతో కెపాసిటరుకి పేటెంటు పుచ్చుకున్నాడు. లోపల ఏం జరుగుతోందో కచ్చితంగా తెలియదు, కెపాసిటీ మాత్రం చాలా వస్తోంది అన్న ధోరణిలో అందులోనే ఒప్పుకున్నాడు. అంత నిజాయితీగల పేటెంటు ఇంకొకటి ఉందో లేదో!

2006లో మరో చిక్కు వచ్చింది. ద్రవంలో ప్రతి అయాను చుట్టూ ద్రావకం అణువులు గుమిగూడి ఉంటాయి. పెళ్ళికొడుకు చుట్టూ తోడుపెళ్ళికొడుకు, సన్నాయివాళ్ళు, గొడుగు పట్టేవాడూ ఉన్నట్టు. ఈ బలగమంతా దూరలేని సన్నచిల్లులు దండగ అని అందరి నమ్మకం. తీరా అమెరికాలో గొగోట్సీ, ఫ్రాన్సులో సిమోన్, వారి సహచరులూ కలిసి కొలిచి చూస్తే, చిల్లు ఒక నానోమీటరు కంటే సన్నమైన తరవాత కెపాసిటీ తగ్గలేదు సరికదా, జోరుగా పెరిగింది. పెళ్ళికొడుకు బలగాన్ని వీధిలో వదిలేసి ఒక్కడే సందులో దూరాడన్నమాట! దూరినవాళ్ళంతా ఒకే ఆవేశం గలవాళ్ళు, ఒకళ్ళనొకళ్ళు తోసుకోవాలి కదా, ఇరుకులో ఎలా ఇమిడారు? దీనికి 2011లో కొండ్రాట్, కోర్నిషెవ్ అనేవారు ఒక కారణం చెప్పారు. విద్యుత్తు ప్రవహించే గోడలు రెండూ దగ్గరగా ఉంటే మధ్యనున్న అయానుల తగాదా బలం చచ్చిపోతుంది. తోడికోడళ్ళిద్దరూ విడిగా ఉంటే కయ్యమే. అటూ ఇటూ అత్తగారూ మామగారూ కూర్చుంటే ఒకే చాపమీద సర్దుకుంటారు. (ఈ ఉపమానం నాది. మా అమ్మాయికి నచ్చలేదు.)

ఇవన్నీ కంటితో చూసేవి కావు. అందుకే కంప్యూటరు. బొగ్గు అణువులు ఇన్ని, అయానులు ఇన్ని, ఒక్కొక్కదాని మీద మిగతావాటి బలం ఎంత, ఆ బలానికి అది ఎటు ఎంత జరుగుతుంది అని లెక్కకట్టి, జరిపి, మళ్ళీ లెక్కకట్టటం. ఒక్కొక్క అడుగూ సెకనులో పది కోట్ల కోట్లవ వంతు. మా ఆవిడ పదకొండేళ్ళ నుంచీ రామకోటి రాస్తోంది. కంప్యూటరు అలాంటి కోటి అడుగులు వేసేసరికి ఆ బొగ్గు లోకంలో గడిచేది సెకనులో పది కోట్లవ వంతు.

"ఈ పద్ధతి ఎవరు మొదలుపెట్టారు?" అన్నాను.

"మనవాడే నాన్నగారూ. హైదరాబాదు ఆయన."

నేను నమ్మలేదు. నిజమే. అనీసుర్ రహమాన్ 1927లో హైదరాబాదులో పుట్టాడు. కేంబ్రిడ్జిలో చదివి, బెల్జియంలో డాక్టరేటు తీసుకుని, ఉస్మానియాలో పాఠాలు చెప్పి, 1960లో అమెరికా వెళ్ళి షికాగో దగ్గర ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో చేరాడు. అంతకు ముందు గోళీకాయల్లా ఢీకొట్టుకునే అణువులతో కంప్యూటరు లెక్కలు చేసినవాళ్ళున్నారు. దూరాన్నిబట్టి ఆకర్షించుకుంటూ, మరీ దగ్గరైతే తోసుకుంటూ, నిజమైన ద్రవంలా మసిలే 864 అణువుల్ని నడిపించి 1964లో అచ్చువేసినవాడు ఈయన. ఆ ద్రవం పేరూ ఆర్గానే. ప్రయోగశాల పేరూ వాయువు పేరూ ఒకలా వినపడటం కేవలం కాకతాళీయం. 1971లో స్టిలింజర్‌తో కలిసి 216 నీటి అణువుల్ని అలాగే నడిపించాడు. 1987లో పోయాడు. కంప్యూటరు భౌతికశాస్త్రంలో అమెరికన్ ఫిజికల్ సొసైటీవారు ఇచ్చే బహుమానం ఆయన పేరుమీదే ఉంది. ముప్ఫై మూడేళ్ళు ఫిజిక్సు చెప్పిన నేను ఆ పేరు ఒక్క క్లాసులోనూ చెప్పలేదు. తెలిస్తేగా!

ఇంతకూ నేను చెప్పదలచుకున్న కథ ఇప్పుడు మొదలవుతుంది.

ఆ ఏడు శ్రావణంలో సంబంధం కుదిరింది. అబ్బాయి అమెరికాలో ఉద్యోగం. ముహూర్తం 2023 మాఘమాసానికి పెట్టుకున్నాం. డిసెంబరులో థీసిస్ ఇచ్చేస్తుంది, పెళ్ళయ్యాక అబ్బాయి ఉన్న ఊళ్ళోనే పరిశోధన ఉద్యోగానికి వాళ్ళు రమ్మన్నారు. అంతా కొబ్బరాకు అల్లినట్టు కుదిరింది.

కార్తీకమాసంలో ఒకనాటి రాత్రి పదకొండు గంటలకి ఫోను. "నాన్నగారూ, నా లెక్క తప్పు" అంది. గొంతులో ఏడుపు లేదు; అదే నాకు భయం వేసింది.

సంగతి ఇదీ. ఇది బొగ్గుచిల్లుని రెండు చదునైన గోడల మధ్య సందుగా ఊహించి లెక్క చేసింది. నిజం బొగ్గు అలా ఉండదు, వంకరటింకరగా ఉంటుంది. కాని చదును సందైతే లెక్క తేలిక. కొలిచినవాళ్ళు ఇచ్చిన అంకెతో దీని అంకె అచ్చుగుద్దినట్టు సరిపోయింది. దాంతో, వంకరల జోలికి పోనక్కరలేదు, చదును సందు చాలు అని వ్యాసం రాసింది. పత్రికవాళ్ళు అంగీకరించారు, అచ్చు కావలసి ఉంది. థీసిస్‌కి మూలస్తంభం అదే. ఆ రాత్రి వ్యాసానికి బొమ్మ గీస్తూ గీస్తూ చూసుకుందిట: సందుకి రెండు గోడలు. ఆవేశం రెండు గోడలమీదా లెక్కపెట్టింది; వైశాల్యం మాత్రం ఒక గోడదే వేసింది. గోడకి రెండు పక్కలా సున్నం వేయించి, మేస్త్రీకి ఒక పక్క కొలతే చూపించినట్టు. సరిచేస్తే జవాబు సగానికి పడిపోయింది. ప్రయోగంతో పొంతన లేదు.

"ఇంకా ఎవరూ చూడలేదు" అంది.

నేనేమన్నానో ఉన్నదున్నట్టు చెబుతాను. "జవాబు ప్రయోగంతో సరిపోయిందిగా? ముందు థీసిస్ ఇచ్చెయ్యి. పెళ్ళయ్యాక తీరుబడిగా దిద్దుకోవచ్చు. ఎవరు చూడొచ్చారు?" అన్నాను.

అటునుంచి కాసేపు మాట లేదు. "సరే నాన్నగారూ, పడుకోండి" అని పెట్టేసింది.

పడుకోమన్నంత మాత్రాన నిద్ర వస్తుందా? మా ఆవిడ తులసికోట దగ్గర పెట్టిన దీపం కొడిగట్టేదాకా వరండాలో కూర్చున్నాను. అప్పుడు నాకు 1984లో ఒక కుర్రాడు జ్ఞాపకం వచ్చాడు. పనికట్టుకుని మరిచిపోయినవాళ్ళు ఇలాంటి వేళల్లోనే వస్తారు.

అప్పుడు నేను పనిచేస్తున్న కాలేజీలో లోలకం ప్రయోగం. దారానికి గుండు కట్టి ఊపి, గురుత్వ త్వరణం కనుక్కోవాలి. పుస్తకంలో 981 అని ఉంటుంది. క్లాసులో నలభైమందికీ 980, 981 వచ్చేవి. తమాషా ఏమిటంటే మా గోదావరి ప్రాంతంలో ఆ విలువ నిజంగా 978కి కాస్త పైన మాత్రమే. భూమధ్యరేఖకి దగ్గరయిన కొద్దీ తగ్గుతుంది. ఎవడైనా జాగ్రత్తగా కొలిస్తే 981 రాకూడదు! నలభైమందికీ వచ్చేది. నేను నలభైమందికీ ఎర్రసిరాతో 'గుడ్' అని రాసేవాణ్ణి.

ఒకడికి మాత్రం రాలేదు. "సార్, దారం నూరు సెంటీమీటర్లప్పుడు 988 వస్తోంది. ఎనభై అయితే 991. అరవై అయితే 995. పొడుగు తగ్గినకొద్దీ పెరుగుతోంది సార్" అన్నాడు. మూడుసార్లు చేశాట్ట.

"పుస్తకంలో ఎంత ఉంది?" అన్నాను.

"981 సార్."

"మరి?"

వాడు నా మొహంకేసి చూశాడు. మర్నాడు రికార్డులో 980.6 రాసుకొచ్చాడు. 'గుడ్' అన్నాను.

ఆ వేసవిలో స్టాకు సరిచూస్తుంటే వాడి బల్లమీది మీటరు స్కేలు నా చేతికొచ్చింది. చివరి ఇత్తడి తొడుగు ఎప్పుడో ఊడిపోయి, కర్ర దాదాపు సెంటీమీటరు అరిగి ఉంది. అది నూరు అన్నప్పుడు నిజం తొంభై తొమ్మిది. అరవై అన్నప్పుడు యాభై తొమ్మిది. అందుకే పొడుగు తగ్గినకొద్దీ తప్పు పెరిగింది. ఆ క్లాసు మొత్తంమీద నిజంగా ఏదైనా కనిపెట్టినవాడు వాడొక్కడే. స్కేలు అరిగిందని వాడి అంకెలు మూడుసార్లు మొత్తుకున్నాయి. కొత్త స్కేలుకి ఇండెంటు రాశాను. వాణ్ణి పిలిచి చెప్పలేదు. కాలేజీ తెరిచాక చెబుదామనుకున్నాను, తరవాత పరీక్షలన్నారు, తరవాత వాడు వెళ్ళిపోయాడు.

తెల్లవారగానే రాజమండ్రి వెళ్ళి శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. మా ఆవిడకి పెళ్ళిచీరల పని అని చెప్పాను. అది నమ్మలేదనుకోండి.

మా అమ్మాయి నన్ను హాస్టలు గేటు దగ్గర చూసి తెల్లబోయింది. దారంతా కూడబలుక్కున్న మాట చెప్పాను: "అమ్మా, ఆ రాత్రి నేనన్నది తప్పు. మీ మేష్టారికి చెప్పెయ్యి."

"చెప్పేశాను నాన్నగారూ. మీకు ఫోను చేసే ముందే ఉత్తరం పంపేశాను. వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని పత్రికవాళ్ళకి కూడా రాశాను. మీకు ఊరికే చెబుదామని చేశాను" అంది.

నేను మొహం కడుక్కోవటానికి కొళాయి దగ్గరికి వెళ్ళి కాస్త ఎక్కువసేపే ఉన్నాను.

ఆ సాయంత్రం తన గదిలో కంప్యూటరు తెరమీద చూపించింది. రెండు బూడిదరంగు గోడల మధ్య ఎర్రవీ నీలంవీ గుళికలు కిటకిటలాడుతున్నాయి, తీర్థంలో జనంలాగ. కరెంటు పెట్టగానే నీలంవి బయటికీ ఎర్రవి లోపలికీ జరిగాయి. తోపులాట, వెనకడుగు, మళ్ళీ తోపులాట. "ఇది తప్పు కాదు నాన్నగారూ. చదును గోడలుంటే జరిగేది ఇదే. జవాబు సగమే వస్తుంది. మిగతా సగం ఎక్కడినుంచి వస్తోందో ఇప్పుడు అడగొచ్చు" అంది. తప్పు అంకె సరిపోయినన్నాళ్ళూ ఆ ప్రశ్న అడిగే అవసరమే దానికి రాలేదు.

అడిగినవాళ్ళు అప్పటికే ఉన్నారు. ఫ్రాన్సులో మెర్లే, ఆమె సహచరులూ 2012లో వంకర బొగ్గునే కంప్యూటరులో కట్టి చూపించారు. 2013లో ఇంకొంచెం ముందుకెళ్ళి, అయాను బొగ్గు అంచున ఉందా, చదునుమీద ఉందా, గుంటలో ఉందా, చుట్టూ మూసుకున్న జేబులో ఉందా అని విడదీసి లెక్కపెట్టారు. చుట్టూ కార్బను ఎంత కమ్ముకుంటే ఆ అయాను అంత ఎక్కువ ఆవేశాన్ని నిలుపుతుందని తేలింది. అంటే ఏ వంకరలు అక్కరలేదని మా అమ్మాయి వ్యాసం రాసిందో, శక్తి ఆ వంకరల్లోనే దాక్కుని ఉంది.

మళ్ళీ మొదటినుంచి. వంకర బొగ్గంటే లెక్క పదింతలు. వరసలో నిలబడి కంప్యూటరు దొరకబుచ్చుకోవాలి. ఒక్కొక్క లెక్కకీ వారాలు. డిసెంబరులో థీసిస్ వెళ్ళలేదు. అమెరికాలో రమ్మన్న ఉద్యోగం ఇంకొకరికి పోయింది. మగపెళ్ళివారు ముహూర్తం మార్చటానికి ఒప్పుకోలేదు. పెళ్ళి మాఘంలోనే జరిగింది. పదహారు రోజుల పండగ కాగానే పెళ్ళికొడుకు విమానం ఎక్కాడు, పెళ్ళికూతురు శేషాద్రి ఎక్కింది. "తప్పు దిద్దుకోవటానికి కొత్తకాపురం మానుకున్న పిల్లని ఎక్కడా చూళ్ళేదమ్మా" అని వియ్యపురాలు మా ఆవిడతో అందిట. మెచ్చుకోలో దెప్పో మా ఆవిడకి ఇప్పటికీ తేలలేదు. అల్లుడు మాత్రం రోజూ ఫోను చేసేవాడు. 2023 జూలైలో స్కాలర్షిప్పు గడువు అయిపోయింది. పది నెలలు నా పెన్షన్లోంచి పంపాను. ఇది ఘనకార్యంగా చెప్పటంలేదు, కొన్ని నెలలు ఆలస్యంగా పంపాను కూడా.

2024 మేలో థీసిస్ ఇచ్చింది. వంకర బొగ్గుతో వచ్చిన జవాబు ప్రయోగానికి దగ్గరగా వచ్చింది గాని సరిగ్గా సరిపోలేదు. ఎంత తేడా ఉందో, ఎందుకుండవచ్చో దానికే ఒక అధ్యాయం రాసింది. రెండు గోడల పొరపాటు కూడా అందులో ఒక పేజీలో వివరంగా ఉంది, ఇంకొకరు అదే గోతిలో పడకుండా.

అమెరికా వెళ్ళేముందు ఇంటికి వస్తూ అలాంటి 3000 ఫారడ్ల సెల్లు ఒకటి కొనుక్కొచ్చింది, నాకు కానుకగా. మా ఎలక్ట్రీషియన్ కుర్రాడు వోల్టేజి పెంచే చిన్న సర్క్యూటు తగిలించి 3 వాట్ల బల్బు పెట్టాడు. ఇది ఫాను కండెన్సరుకి పెద్దన్నగారా అని రెండుసార్లు అడిగాడు. ఆ రాత్రి దీపాలన్నీ ఆర్పి, బల్బు వేసి, నేనూ మా ఆవిడా గడియారం ముందు పెట్టుకుని కూర్చున్నాం. గంట వెలగాలని నా లెక్క. అది లోపల పెట్టె సర్దుకుంటోంది.

44 నిమిషాలకి ఆరిపోయింది.

"గంటన్నారు కదండీ" అంది మా ఆవిడ చీకట్లో.

సెల్లు పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఆ సర్క్యూటు పనిచెయ్యదు, అదీగాక దానికీ కొంత ఖర్చవుతుంది అని చెబుదామనుకున్నాను. అంతకంటే ముందు పుస్తకం వెతికి, పెన్సిలు వెతికి, తారీఖు వేసి, 44 అని రాసుకున్నాను. ఎదురింటి లైటు వెలుగు కిటికీలోంచి పడుతోంది. ఆ మాత్రం కనిపించింది. రేపు మళ్ళీ నింపి చూడాలి.